ఎడారి ఒడ్డున సముద్రస్నానం

భీమ్‌గల్ నుంచి సముద్రం ఎంత దూరమని అడిగితే మా వూళ్ళో ఎవరూ బందరు పేరు గాని, విశాఖపట్నం పేరు గాని ఎత్తరు. "నాలుగ్గంటలు" అంటారు. హైదరాబాదులో విమానం ఎక్కాక నాలుగ్గంటలన్నమాట! దిగేది మస్కట్లోనైనా, దోహాలోనైనా, కువైటులోనైనా మా వాళ్ళ లెక్కలో అది దుబాయే. "మీ అన్న యేడున్నడు?" అంటే "దుబాయిల" అని చెబితే చాలు. ఆపైన ఎవరూ వివరాలు అడగరు, అడగవలసిన పనీ లేదు. అడిగేవారి అన్నో, తమ్ముడో, కొడుకో కూడా అక్కడే వుంటాడు.

మా పెదనాయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. 1937 లో నిజాం కాలంలో పుట్టిన ఆ ఫ్యాక్టరీ ఆసియాలోకెల్లా పెద్దదని మావాళ్ళు గర్వంగా చెప్పుకునేవారు. 2015 డిసెంబరులో అది మూతపడింది. అయితే మా అన్న అందాకా ఆగలేదు. 2003 లోనే, తన 26 వ యేట, పాసుపోర్టు చేయించుకుని, వడ్డీకి అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి, ఫుజైరా వెళ్ళిపోయాడు. మొదట షట్టరింగు పని, తరువాత టైల్సు పని. యిప్పుడాయనకు 48 యేళ్ళు. యీ సంవత్సరాంతానికి కొలువు ముగించుకుని, మా వాళ్ళ మాటలో చెప్పాలంటే "ఖతం చేస్కొని", శాశ్వతంగా యింటికి వస్తున్నాడు.

ఆయన వుండే క్యాంపునుంచి సముద్రం మైలు దూరం. యీ 22 యేళ్ళలో ఆయన ఆ నీళ్ళలో మోకాలిలోతు దిగలేదు. ఒక పెద్ద హోటలులో యీతకొలనుకు టైల్సు వేశాడట. నీళ్ళు నింపేనాటికి ఆయన్ని మరో సైటుకు పంపేశారు. యీ మాట ఫోనులో నవ్వుతూ చెప్పాడు. మా మేనకోడలు మాత్రం నవ్వలేదు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల. ఆ రాత్రే నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

"అత్తమ్మా, నాయిన వచ్చేసేలోపల మనమే ఒకపారి పోయి సూసొద్దాం. మల్లెప్పుడు పోతం? నాయిన ఎక్కడుండెనో మాకెర్కనే లేకపాయె" అంది.

అదీ యీ ప్రయాణానికి మూలం. పిల్ల అక్కడితో ఆగలేదు. ఆ సముద్రంలో వూరికే కాళ్ళు తడుపుకుని రావడం కాదట, అడుగుకు దిగి చేపల్నీ పగడాల్నీ చూడాలట! మా వదినె చాటలో బీడీ చుడుతున్నదల్లా తలయెత్తి, "సముద్రంల మునుగుడేంది? గా పైసలతోని యింకో బోరు పడ్తది" అంది. అందులోనూ న్యాయం వుంది. నాలుగు నెలలుగా మా యింట్లో జరుగుతున్న వాదం యిదే. యీ వాదం మధ్యనే ప్రయాణపు యేర్పాట్లూ సాగాయి. లెక్కలూ వ్రాతకోతలూ నా వంతుకు వచ్చాయి. నేను బళ్ళో భౌతికశాస్త్రం చెప్పే పంతులమ్మను గనుక! అట్లా కూడబెట్టిన సంగతులు మరికొన్ని కుటుంబాలకు పనికివస్తాయని యిక్కడ వ్రాస్తున్నాను.

నది లేని చోటే నిర్మలం

ముందుగా తేల్చుకోవలసింది, సముద్రపు అడుగు చూడాలంటే ఎడారి ఒడ్డుకే ఎందుకు పోవాలన్నది. మన విశాఖపట్నంలో, ఋషికొండ దగ్గర కూడా సిలిండరు కట్టి నీళ్ళలోకి దించేవారున్నారు. అది తీసివేయదగ్గది కాదు. అయితే మన బంగాళాఖాతానికి ఒక చిక్కు వుంది. ఆ చిక్కు మా జిల్లా గుండానే ప్రవహిస్తోంది! కందకుర్తి దగ్గర మంజీర, హరిద్ర కలిసి గోదావరి తెలంగాణలో అడుగుపెడుతుంది. వానాకాలంలో ఆ నీళ్ళరంగు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. గోదావరి, కృష్ణ, మహానది, గంగ మోసుకుపోయే మట్టి అంతా బంగాళాఖాతం పాలే. మన పొలాలకది సిరి. కాని పగడపు పురుగుకు మట్టి విషం. పగడం లోపల వుండే సూక్ష్మమైన నాచుకు ఎండ కావాలి. నీళ్ళు మురికయితే ఎండ దిగదు, పైగా మట్టి పేరుకుని వూపిరాడదు.

ఎడారిలో నదులు లేవు. మా నిజామాబాదులో సాలుకు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడితే ఫుజైరాలో వంద చుట్టుపక్కల పడుతుంది. మట్టిని మోసుకువచ్చే నది లేదు గనుక నీళ్ళు అద్దంలా వుంటాయి. ఎర్రసముద్రం యిందుకు పెట్టింది పేరు. ఈజిప్టులో రాస్ మహమ్మద్ అనే చోటును 1983 లోనే జాతీయ వనంగా ప్రకటించారు. దానికి దగ్గరలోనే 1941 అక్టోబరులో జర్మనుల బాంబులకు మునిగిన థిసిల్‌గార్మ్ అనే బ్రిటిషు ఓడ, తన కడుపులోని మోటారు సైకిళ్ళతో లారీలతో సహా అడుగున అట్లాగే వుంది. ప్రపంచం నలుమూలలనుంచీ మునకగాళ్ళు దాన్ని చూడడానికి పోతారు.

ఒమానులో మస్కట్టుకు పడమరగా దైమానియత్ దీవులున్నాయి. తొమ్మిది దీవులు, 1996 నుంచి రక్షిత ప్రాంతం. తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. యీ రెండింటినీ మేనకోడలు బొమ్మలు చూపించి మరీ వర్ణించింది. "మంచివే, కాని అక్కడ మీ నాయిన లేడు గదా" అన్నాను. దానితో ఫుజైరా ఖాయమయింది.

సముద్రపు అడుగే కొండ అయిన దేశం

యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనే యేడు సంస్థానాల సమాఖ్య 1971 డిసెంబరు 2 న యేర్పడింది. మొదటిరోజున చేరినవి ఆరు. రస్ అల్ ఖైమా మరుసటి సంవత్సరం వచ్చి కలిసింది. అన్నిటిలోకీ ఫుజైరా ఒక విషయంలో ప్రత్యేకం. తక్కిన సంస్థానాలకు పడమటి సముద్రంలో, అంటే గల్ఫులో, ఎంతో కొంత తీరం వుంది. ఫుజైరా తీరమంతా తూర్పున, ఒమాను సింధుశాఖ మీదే. మనవైపు మొగం పెట్టి కూర్చుందన్నమాట.

దుబాయినుంచి కారులో సుమారు 120 కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. నడుమ హజర్ పర్వతాలు అడ్డం. చెట్టూ చేమా లేని నల్లని, గోధుమరంగు కొండలు. అవి మామూలు కొండలు కావు. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రపు అడుగున వున్న శిల భూమి కదలికలవల్ల పైకి ఎగదోసుకుని కొండలయ్యాయని భూగర్భ శాస్త్రజ్ఞులు తేల్చారు. ప్రపంచంలో అట్లాంటి శిల యింత విస్తారంగా బయటపడిన చోట్లు బహుకొద్ది. కనుక మునగడానికి భయపడేవారు కూడా కారులో కూర్చుని సముద్రపు అడుగు చూడవచ్చును! మా అమ్మకు యీ మాట చెబితే, "నాకు లింబాద్రిగుట్ట చాలు బిడ్డా" అంది.

తీరం వెంబడి వుత్తరంగా పోతే బిదియా గ్రామంలో 15 వ శతాబ్దం నాటిదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిన చిన్న మట్టి మసీదు వుంది. యింకా ముందుకు పోతే అల్ అఖా అనే చోట హోటళ్ళున్నాయి. ఎదురుగా నీళ్ళలో ఒక గుట్ట. బొమ్మల కథల్లోని కుక్క వెల్లకిలా పడుకున్నట్టు వుంటుందని దానికి స్నూపీ ద్వీపమని పేరు పెట్టారు. ఒడ్డునుంచి యీదుకుంటూ పోయే దూరమే. దాని చుట్టూ పగడాలు, రంగురంగుల చేపలు, అదృష్టముంటే తాబేళ్ళు, మనుషుల జోలికి సాధారణంగా రాని చిన్నజాతి సొరచేపలు.

అయితే ప్రకటనల్లోని బొమ్మలు చూసి అంతా స్వర్గమనుకోకూడదు. 2007 జూనులో గోను తుపాను యీ తీరాన్ని బాదింది. 2008, 2009 లలో నెలల తరబడి సముద్రంలో ఎర్రనాచు పొంగి చేపలూ పగడాలూ కుప్పలుగా చచ్చిపోయాయి. వుప్పునీటిని మంచినీరు చేసే కర్మాగారాలను కూడా ఆపవలసి వచ్చింది. తరువాత కొన్నిచోట్ల పగడాలు మళ్ళీ చిగురించాయి. 2019 నుంచి నర్సరీలో నారు పెంచినట్టు పెంచి నాటుతున్నారు కూడా. కాబట్టి ఎర్రసముద్రమంత వైభవం యిక్కడ వెతకరాదు. మొదటిసారి మునిగేవారికి మాత్రం యిదే ఘనం.

ఎప్పుడు పోవాలి

జూను నుంచి సెప్టెంబరు దాకా అక్కడ ఎండ నిప్పులు చెరుగుతుంది. జూను 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఆరుబయట కూలిపని చేయించరాదని అక్కడి ప్రభుత్వమే నిషేధించింది. ఆ ఎండలో మా అన్నలాంటివాళ్ళు యేళ్ళకు యేళ్ళు వున్నారు. మనం విలాసంగా పోయేటప్పుడైనా ఆ నెలలు తప్పించుకోవాలి. అక్టోబరు నుంచి ఏప్రిలు దాకా హాయి.

మాకు మరికొన్ని లెక్కలున్నాయి. కార్తీకంలో లింబాద్రిగుట్ట నరసింహస్వామి జాతర. రథం చూడకుండా మా అమ్మ ఎవర్నీ వూరు దాటనివ్వదు. డిసెంబరు 2 అక్కడి జాతీయ దినం; ఆ సెలవుల్లో హోటళ్ళ ధరలు కొండెక్కుతాయి. జనవరి వస్తే మాకు పసుపు తవ్వకం, వుడకబెట్టడం. కనుక డిసెంబరు రెండోవారం స్థిరపరిచాం. అప్పటికి నీళ్ళు 24, 25 డిగ్రీల్లో వుంటాయి. అన్న కొలువు నవంబరు ఆఖరుతో ముగుస్తుంది. వీసా రద్దయ్యాక దేశం విడవడానికి కొంత గడువు యిస్తారు. ఆ గడువులోనే యీ యాత్ర.

ఒక హెచ్చరిక. అక్కడా వాగులుంటాయి, 'వాదీ' అంటారు. మా కప్పలవాగులాగే యేడాదిలో చాలాకాలం ఎండి వుంటాయి. కొండల్లో వాన కురిస్తే మాత్రం క్షణాల్లో పొంగుతాయి. 2022 జూలై చివర ఫుజైరాలో వచ్చిన వరదలో ప్రాణాలు పోయాయి. 2024 ఏప్రిలు 16 న ఆ దేశంలో రికార్డులు తుడిచిపెట్టిన వాన పడింది. ఆకాశం మబ్బు పట్టినప్పుడు ఎండిన వాగులో చాపలు పరుచుకుని కూర్చోరాదు.

గోలీసోడా పాఠం

యిక మునక సంగతి. వీపున కట్టే సిలిండరులో ప్రాణవాయువు వుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. మనం పీల్చే మామూలు గాలినే యిరికించి నింపుతారు. 12 లీటర్ల సిలిండరులో దాదాపు 2,400 లీటర్ల గాలి పడుతుంది. దాన్ని నోటికి అందించే సాధనాన్ని 1943 లో ఫ్రాన్సులో కూస్తో, గాన్యాన్ అనే యిద్దరు తయారుచేశారు.

నీళ్ళలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల లోతున పీల్చిన గుండెల నిండా గాలి, పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. బాయిల్ సూత్రం అంటూ 20 యేళ్ళుగా నల్లబల్ల మీద వ్రాస్తున్నాను! కనుక మునకలో మొట్టమొదటి నియమం: వూపిరి బిగబట్టరాదు. పీలుస్తూ వదులుతూ వుండాలి. దిగేటప్పుడు చెవులు నొక్కుకుపోతాయి. ముక్కు పట్టుకుని మెల్లగా గాలి వూదితే సర్దుకుంటాయి. జలుబు వున్నరోజున దిగకూడదు.

రెండో నియమం గోలీసోడా చూసినవారికి తేలిగ్గా బోధపడుతుంది. ఒత్తిడిలో గాలిలోని నత్రజని మన నెత్తుట్లో కరుగుతుంది. ఒక్కసారి ఒత్తిడి తగ్గిందా, గోలీ నొక్కిన సోడాలాగా బుడగలు లేస్తాయి. కీళ్ళనొప్పులు మొదలు పక్షవాతం దాకా రావచ్చు. అందుకే మెల్లగా పైకి రావాలి. అందుకే మునిగిన వెంటనే విమానం ఎక్కరాదు. ఒకే మునక అయితే 12 గంటలు, అంతకు మించితే 18 గంటలు ఆగమంటారు. ఎత్తయిన కొండలకు పోవడం కూడా అంతే. జబెల్ జైస్ కొండ 1,900 మీటర్లకు అటూ యిటూ ఎత్తు. చూడదలిస్తే మునకకు ముందే చూసి రావాలి. మేము మునకకూ తిరుగు విమానానికీ నడుమ రెండు రోజులు వుంచుకున్నాం.

నేర్పరి పక్కనుండగా తొలిసారి దిగేవారిని 12 మీటర్ల లోతు మించి తీసుకుపోరు. పదేళ్ళ పిల్లలనుంచీ అనుమతిస్తారు. యీత గొప్పగా రాకపోయినా ఫరవాలేదంటారు గాని, నీళ్ళంటే బెదురు వుండకూడదు. నాకు యీత మా అన్నే నేర్పాడు, మా బావిలో, నడుముకు తాడు కట్టి. మేనకోడలు నిజామాబాదులో నేర్చుకుంది.

ఒక కాగితం అడిగిన లెక్క

దిగేముందు ఆరోగ్య ప్రశ్నపత్రం ఒకటి నింపాలి. ఆస్తమా వుందా? ఆపరేషన్లు అయ్యాయా? 45 యేళ్ళు దాటాయా? దాటితే రక్తపోటు వుందా, సిగరెట్టు తాగుతారా? ఒక్కదానికి 'అవును' అన్నా డాక్టరు సంతకం కావాలి. అందరమూ నింపుదామని మేనకోడలు నాలుగు కాగితాలు తీసింది.

నాకూ పిల్లకూ అన్నీ 'కాదు' లే వచ్చాయి. అన్న ఫోనులో జవాబులు చెప్పాడు. రక్తపోటు ఆరేళ్ళనుంచి వుందట, మందు వాడుతున్నాడట. ఆ మాట యింట్లో ఎవరికీ తెలియదు. వదినె లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి వచ్చి, "నాదీ రాయి" అంది. దగ్గు ఎప్పటినుంచి అని అడిగితే, "బీడీలు మొదలువెట్టిన సంది" అంది. తునికాకు, పొగాకు దుమ్ము ముందు 20 యేళ్ళు కూర్చున్న మనిషి.

యిద్దర్నీ డాక్టర్లకు చూపించాం, ఆయన్ని అక్కడ, ఆమెను నిజామాబాదులో. అన్నకు రక్తపోటు యింకా అదుపులోకి రాలేదు, మందు మార్చారు, సిలిండరు మునక వద్దన్నారు. వదినెతో ఒక గొట్టంలోకి గాలి వూదించి చూసి, వూపిరితిత్తులు బిగుసుకుంటున్నాయన్నారు, మందు యిచ్చారు, ఆమెకూ సిలిండరు వద్దన్నారు. యిద్దరూ రక్షణ చొక్కా తొడుక్కుని, లోతు తక్కువ నీళ్ళలో, మొహానికి అద్దం పెట్టుకుని, గొట్టంతో గాలి పీలుస్తూ పైనుంచి చూడవచ్చునన్నారు. విహారయాత్ర కోసం నింపిన కాగితం ఒక సంసారపు 22 యేళ్ళ జమాఖర్చు బయటపెట్టింది. యాత్ర మాట ఎట్లా వున్నా, ఆ యిద్దరూ డాక్టరు గడప తొక్కడం మాత్రం దీనివల్లనే జరిగింది.

ఆ రాత్రి అన్న ఫోనులో నాతో అన్నాడు: "చెల్లె, నువ్వు పోరితోని దిగు. నేను మీదికెల్లి సూస్త."

ముత్యాలకోసం మునిగినవారు

ఆ దేశపువారికి మునక వేడుకగా మొదలు కాలేదు. చమురు దొరకకముందు, పడమటి గల్ఫు తీరంలో ముత్యాల వేటే బ్రతుకు. వేసవి నాలుగు నెలలూ పడవల మీదే. ముక్కుకు ఒక బిళ్ళ బిగించి, కాలికి రాయి కట్టి, వూపిరి బిగబట్టి దిగేవారు. పైన తాడు పట్టుకున్న మనిషి సైగ అందగానే లాగేవాడు. రోజుకు పదులకొద్దీ మునకలు. దొరికిన ముత్యం మునిగినవాడిది కాదు. ముందుగా తీసుకున్న అప్పు కింద పడవ యజమానికి పోయేది. అప్పు తీరకపోతే మరుసటి యేడు మళ్ళీ అదే పడవ. యీ కథ వింటుంటే ఏజెంటు దగ్గర తెచ్చిన అప్పు తీర్చడానికి మొదటి రెండేళ్ళూ పనిచేసిన మావాళ్ళు గుర్తురాక మానరు.

ఆ ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాదు వచ్చేవి. పాతయిళ్ళల్లో 'బస్రా ముత్యాలు' అని దాచుకునేవి అవే. 1920, 30 లలో జపానువారు పెంచిన ముత్యాలు వచ్చిపడడం, ప్రపంచమంతటా వ్యాపారం కుదేలవడంతో ఆ వృత్తి కూలిపోయింది. మరో విశేషం. అప్పట్లో అక్కడ చలామణీ అయింది మన రూపాయే. 1959 లో మన రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతానికని ప్రత్యేకంగా నోట్లు వేసింది. 1966 లో రూపాయి విలువ తగ్గించాక వాళ్ళు దాన్ని వదులుకున్నారు. యిప్పుడు దిర్హం కొనడానికి మనం 23 రూపాయల పైగా పెట్టాలి!

ఖర్చులూ కట్టుబాట్లూ

వదినె వాదానికి జవాబు లెక్కలోనే చెప్పాలి. మాకు దొరికిన ధరలివి. రానూపోనూ విమానం ముగ్గురికి 72,000 రూపాయలు. వీసాలు 22,500. హోటలులో రెండు గదులు రెండు రాత్రులకు 2,000 దిర్హాములు. తక్కిన రాత్రులు అన్న స్నేహితుడి యింట్లో. యిద్దరి మునకకు 600. అన్నావదినెల అద్దాలూ చొక్కాలకు 150. కారుకు 600. తిండికి 500. మొత్తం 3,850 దిర్హాములు, అంటే దాదాపు 88,500 రూపాయలు. అన్నీ కలిపి 1,83,000 చిల్లర.

యిది ఎక్కడనుంచి వస్తుంది? అక్కడి చట్టం ప్రకారం కొలువు ముగించినవారికి గ్రాట్యుటీ యివ్వాలి. మొదటి అయిదేళ్ళకు యేడాదికి 21 రోజుల మూలవేతనం, తరువాత యేడాదికి 30 రోజులది; మొత్తం రెండేళ్ళ జీతం మించరాదు. 22 యేళ్ళకు మా అన్నకు 615 రోజుల మూలవేతనం రావాలి. కొలువు ముగిసిన 14 రోజుల్లోగా యివ్వాలి. గల్ఫులో మనవాళ్ళున్న ప్రతి యింట్లోనూ యీ లెక్క కాగితం మీద వేసి పెట్టుకోవడం మంచిది.

వీసాలో ఒక మెలిక. వదినె పదో తరగతి దాకా చదవలేదు గనుక ఆమె పాసుపోర్టు మీద ఎమిగ్రేషను తనిఖీ ముద్ర వుంటుంది. అది వుద్యోగానికి పోయేవారికి. చూసిరావడానికి పోయేవారికి ఆ అనుమతి అక్కరలేదు. అయినా తిరుగు టిక్కెట్టూ, హోటలు కాగితమూ చేతిలో వుంచుకోవాలి. విజిట్ వీసా మీద పోయి పని వెతుక్కోవచ్చునని చెప్పే ఏజెంటును మాత్రం గడప తొక్కనీయరాదు.

సామాను సర్దేటప్పుడు గసగసాలు తీసివేయండి. మనకది మసాలా, అక్కడ నిషిద్ధ వస్తువు. కూరపొడిలో కలిసినా చిక్కే. దగ్గుమందులు, నొప్పిమాత్రలు కొన్నిటికి ముందే అనుమతి కావాలి. డాక్టరు చీటీ లేకుండా మందులు మోసుకుపోరాదు. మా అమ్మ మామిడికాయ తొక్కు జాడీ యిప్పటికే కట్టివుంచింది. దానికి అడ్డు లేదు, నూనె కారకుండా వుంటే చాలు.

దుస్తుల సంగతి ఆడవాళ్ళు అడుగుతారు గనుక చెబుతున్నాను. మునకకు మెడనుంచి మడమదాకా కప్పే రబ్బరు అంగీ వాళ్ళే యిస్తారు. ఆ బొమ్మ చూసి వదినె, "గిదేదో మంచిగనే వుంది, చీర కన్నా నిండుగుంది" అంది. నీళ్ళలో దేన్నీ ముట్టుకోకూడదు. రాయనుకుని మనం కాలు పెట్టేది ప్రాణి మీద. సాలుకు ఒకటి రెండు సెంటీమీటర్లు మించి పెరగని పగడపు జాతులెన్నో వున్నాయి. గవ్వలు కూడా యేరుకు రారాదు.

తీర్మానం

పోయిన ఆదివారం టిక్కెట్లు తీసుకోవలసి వచ్చింది. డబ్బు గురించి మళ్ళీ మాట వచ్చింది. అన్న గ్రాట్యుటీ వచ్చేది డిసెంబరులో. టిక్కెట్లు కొనవలసింది యిప్పుడు. నేను సగం పెడతానన్నాను. వదినె చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, బీరువాలోంచి తన బ్యాంకు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది.

"విమానం సంగతి మీ అన్నాచెల్లెండ్లు సూస్కోండ్రి, పంతులమ్మా. పిల్ల మునిగే ఖర్చు నాది. దానికి ఎవ్వల పైసలొద్దు" అంది.

మూడువందల దిర్హాములంటే ఎన్ని వేల బీడీలో నేను లెక్క వెయ్యలేదు. ఆమె వేసే వుంటుంది. టిక్కెట్లు కొన్నాం. మందులు యిద్దరూ వేళకు వేసుకుంటున్నారు. వదినె దగ్గు కాస్త నెమ్మదించింది. మేనకోడలు మాత్రం రోజూ బాల్చీలో మొహం ముంచి, వూపిరి వదలడం సాధన చేస్తోంది.